స్ట్రోక్ తర్వాత బిగిసిన చేతికి గాలి గ్లవ్: కొనాలా, ఇంట్లో చేయించాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 58 ఏళ్లు, స్ట్రోక్ వచ్చి ఏడు నెలలైంది. కుడిచేతి వేళ్లు పిడికిలిలా ముడుచుకుని ఉంటాయి. చేతిలో గ్లాసు పెడితే పట్టుకుంటారు గానీ వదల్లేరు. ఆన్‌లైన్‌లో దొరికే ముడతల గొట్టాల గ్లవ్ కొనాలా, లేక ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు తయారు చేస్తానంటున్నాడు కాబట్టి అదే మేలా? గాలి ఎంత పెట్టాలి, రోజుకు ఎన్నిసార్లు చేయాలి?

"పట్టుకుంటారు గానీ వదల్లేరు" అన్నారు చూశారా, సగం జవాబు అక్కడే ఉంది. స్ట్రోక్ తర్వాత చాలామందిలో వేళ్లు ముడిచే కండరాలు ముందు మేలుకుని, అదుపు లేకుండా బిగుస్తాయి. వేళ్లు చాపే కండరాలకు మెదడు ఆజ్ఞ సరిగ్గా అందదు. నాన్నగారికి కావలసింది వేళ్లు తెరవడంలో సాయం. గ్లవ్ కొన్నా, కుట్టినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎంత బలంగా తెరుస్తుంది? ముడిచే బలం గురించి అమ్మేవాళ్లు ఎంత చెప్పినా పక్కన పెట్టేయండి.

ఈ చాపే శక్తికి డాక్టర్లు ఎంత విలువిస్తారో చూడండి. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు వేళ్లను కొంచెమైనా చాపగలిగి, భుజాన్ని పక్కకు ఎత్తగలిగినవారిలో ఆరు నెలలకు చేతిపని కొంతైనా తిరిగివచ్చే అవకాశం 98 శాతం. ఆ రెండూ చేయలేనివారిలో అది 25 శాతం.

ఇక పేరున్న మెత్తటి గ్లవ్‌లలో చాలావి పుట్టిందే పట్టు బలం కోసం. హార్వర్డ్‌లో కానర్ వాల్ష్ బృందం 2015లో ప్రచురించిన గ్లవ్‌లో సిలికాన్ గొట్టాల చుట్టూ దారం చుట్టి, లోపలికి నీటిని ఒత్తిడితో పంపి వేళ్లను వంచుతారు. తిరిగి చాచడానికి సిలికాన్ సాగుడు గుణమే దిక్కు. సియోల్ నేషనల్ యూనివర్సిటీ వాళ్ల ఎక్సో-గ్లవ్ పాలీ పాలిమర్ తొడుగులో తీగలు లాగి పనిచేస్తుంది, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేశారు. స్వీడన్ కంపెనీ బయోసర్వో తెచ్చిన కార్బన్‌హ్యాండ్ బలహీనమైన పట్టుకు బలం కలుపుతుంది. ఇవన్నీ మంచి పరికరాలే. కానీ వదులైన చేతికి చేసినదాన్ని బిగిసిన చేతికి తొడిగితే బిగుతును ఇంకా పెంచినట్టవుతుంది. కాలేజీ ప్రాజెక్టుల్లోనూ ఎక్కువగా ఇదే పొరపాటు చేస్తారు: గాలి నింపగానే వంగే గొట్టం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న స్నేహితుడి చేతి మీద వీడియో బ్రహ్మాండంగా వస్తుంది.

మీరు చూసిన ఆన్‌లైన్ గ్లవ్ విషయం. వేళ్ల వీపు మీద హార్మోనియం తిత్తి లాంటి ముడతల గొట్టాలు ఉంటాయి. గాలి నింపితే గొట్టం పొడవు సాగి వేలిని వంచుతుంది, గాలి పీల్చేస్తే కుంచించుకుని వేలిని వెనక్కి లాగుతుంది. అంటే ముడవడానికి ఒత్తిడి, తెరవడానికి పీల్పుడు. ఒత్తిడిని పంపు ఓపిక ఉన్నంత పెంచుకోవచ్చు. పీల్పుడు మాత్రం వాతావరణ పీడనాన్ని, అంటే సుమారు 100 కిలోపాస్కల్‌ను, దాటలేదు. చిన్న పంపులు అందులో సగానికి అటూఇటూగా ఆగిపోతాయి. మనకు ఏ వైపు బలం కావాలో ఆ వైపే ఈ గ్లవ్ బలహీనం. వదులుగా ఉన్న చేతికి, కొద్దిపాటి బిగుతుకు ఇది పనికొస్తుంది. బిగుతు ఎక్కువైతే రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, వేలు తెరుచుకోకుండా వేలి కొసన ఉన్న టోపీయే జారి ఊడివస్తుంది. రెండోది ప్రమాదకరం: వేళ్ల మొదటి కణుపులు (వేళ్లు అరచేతిని కలిసే చోటివి) అవసరానికి మించి వెనక్కి విరుచుకుంటాయి, మధ్య కణుపులు మాత్రం ముడుచుకునే ఉంటాయి. చెయ్యి గద్దగోరులా కనిపిస్తే వెంటనే ఆపేయాలి. ఇలా వారాలపాటు సాగితే మొదటి కణుపును పట్టి ఉంచే లిగమెంటు వదులై కొత్త సమస్య మొదలవుతుంది.

కొనేముందు, చేసేముందు ఒక పరీక్ష ఉంది. దీన్ని ఫిజియోథెరపిస్టు లేదా ఆక్యుపేషనల్ థెరపిస్టు సమక్షంలో చేయండి. నాన్నగారి ముంజేతిని బల్ల మీద ఆనించండి. ముందు మణికట్టును పూర్తిగా కిందికి వంచి, వేళ్లను నెమ్మదిగా తెరిచి చూడండి. మణికట్టు వంగితే వేళ్లు ముడిచే స్నాయువులు వదులవుతాయి కాబట్టి వేళ్లు తేలిగ్గా తెరుచుకోవాలి. అప్పుడూ తెరుచుకోకపోతే కణుపులే బిగుసుకుపోయాయన్నమాట. దానికి ఏ గ్లవ్ పనిచేయదు, స్ప్లింటు, స్ట్రెచింగ్, అవసరమైతే సర్జన్ దగ్గరికి. తెరుచుకుంటే, మణికట్టును తిన్నగా పెట్టి, వేలి చివరి కణుపు కింద మెత్తటి గుడ్డ పట్టీ వేసి, సామాను తూచే కొక్కెం త్రాసును దానికి తగిలించి, వేలికి లంబంగా లాగండి. సగం తెరుచుకోవడానికి ఐదు సెకన్లు పట్టేంత నెమ్మదిగా లాగాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములు రాసుకోండి. తర్వాత అదే దూరం రెండు సెకన్లలో లాగి చూడండి. వేగం పెరిగితే బరువు బాగా పెరిగిందంటే అది స్పాస్టిసిటీ: కండరం సాగిన వేగానికి ఎదురుతిరుగుతోంది. అలాంటి చేతికి గాలి ఎంత నెమ్మదిగా నింపితే అంత మంచిది.

నెమ్మదిగా లాగినప్పుడు ఒక్కో వేలికి 250 గ్రాముల లోపు వస్తే గాలి గ్లవ్ ప్రయత్నించవచ్చు. 600 దాటితే గ్లవ్‌కు డబ్బు పెట్టకుండా ముందు బిగుతు తగ్గించే వైద్యం అడగండి. బోట్యులినమ్ ఇంజెక్షన్ ఇస్తే ప్రభావం కొద్ది రోజుల్లో మొదలై సుమారు మూడు నెలలుంటుంది. గ్లవ్ సాధన ఆ మూడు నెలల్లో పెట్టుకుంటే ఫలితం ఎక్కువ. ఇంజెక్షన్ వేయించి ఊరికే కూర్చుంటే మూడు నెలల తర్వాత మళ్లీ మొదటికే వస్తారు. చెయ్యి వాచి, ఎర్రబడి, తాకితే భగ్గుమనే నొప్పి ఉంటే, చర్మం మీద పుండు ఉంటే గ్లవ్ వద్దు.

ఇక తమ్ముడి పని. సిలికాన్ పోత జోలికి పోవద్దని నా సలహా. అచ్చులు కావాలి, బుడగలు తీయడానికి వ్యాక్యూమ్ కావాలి, గ్లవ్ బరువెక్కుతుంది. పైగా ప్లాటినమ్ రకం సిలికాన్‌ను రబ్బరు గ్లౌజులు వేసుకుని కలిపితే వాటిలోని గంధకం తగిలి సిలికాన్ గట్టిపడక జిగురుగానే ఉండిపోతుంది. కారణం తెలియక కొత్తవాళ్లు డబ్బాలకు డబ్బాలు పారేస్తారు. టీపీయూ (వేడికి మెత్తబడి అంటుకునే ప్లాస్టిక్) పూత ఉన్న నైలాన్ గుడ్డతో చదునైన గాలి సంచులు చేయడం తేలిక. చదునైన సంచిని వేలి వీపు మీద కట్టి గాలి నింపితే అది గుండ్రటి గొట్టమై నిటారుగా నిలబడాలని చూస్తుంది. దాంతోపాటు వేలినీ తెరుస్తుంది. ఇక్కడ ఒత్తిడి తెరిచే వైపు పనిచేస్తుంది కాబట్టి పైన చెప్పిన ఇబ్బంది లేదు.

కొలతలు ఇలా వేసుకోవాలి. గాలి నిండిన గొట్టం మడతపడకుండా ఎదురు నిలిచే టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, గరిష్ఠ హద్దు: 3.14 × ఒత్తిడి × వ్యాసార్థం ఘనం. వ్యాసార్థం 8 మి.మీ., ఒత్తిడి 100 కిలోపాస్కల్ అయితే 0.16 న్యూటన్ మీటరు. 10 మి.మీ. చేస్తే అదే ఒత్తిడికి 0.31. రెండు మిల్లీమీటర్లు పెంచితే దాదాపు రెట్టింపు. కాబట్టి ఒత్తిడి పెంచే ముందు వెడల్పు పెంచాలి. త్రాసులో 200 గ్రాములు వచ్చిందనుకుందాం, అంటే సుమారు 2 న్యూటన్లు. మొదటి కణుపు నుంచి వేలి కొసకు 8 సెంటీమీటర్లు. కావలసిన టార్క్ 2 × 0.08, అంటే 0.16 న్యూటన్ మీటరు. అయితే అప్పటికే మడిచి ఉన్న గొట్టం సూత్రం చెప్పినదాంట్లో సగమే ఇస్తుందనుకుని డిజైన్ చేయాలి, కాబట్టి 8 మి.మీ. వ్యాసార్థం చాలదు, 10 కావాలి. 400 గ్రాములకైతే 10 మి.మీ. గొట్టానికి 200 కిలోపాస్కల్ పెట్టాల్సి వస్తుంది. ఇంట్లో చేసిన అతుకులకు అది చాలా ఎక్కువ. ఇంటి గ్లవ్‌కు 200 నుంచి 250 గ్రాములే హద్దు అనుకోండి. పక్క వేళ్ల గొట్టాలు ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉండాలంటే వ్యాసం 20 మి.మీ. మించకూడదు. ఆ వ్యాసానికి చదునుగా ఉన్నప్పుడు సంచి లోపలి వెడల్పు 31 మి.మీ., అతుకు కోసం రెండు పక్కలా 6 మి.మీ. చొప్పున అదనం.

అతుకు ఇస్త్రీ పెట్టెతోనే వేయవచ్చు. పూత ఉన్న వైపులు లోపలికి ఎదురెదురుగా పెట్టి, పైన బటర్ పేపర్ వేసి నొక్కాలి. వేడి ఎంతో పుస్తకంలో చూసి పెట్టకండి, గుడ్డను బట్టి మారుతుంది. ముక్కల మీద తక్కువ వేడి నుంచి మొదలుపెట్టి, చల్లారాక చేత్తో చీల్చి చూడాలి. అతుకు విడిపోతే వేడి చాలలేదు. అతుకు నిలిచి, పూత గుడ్డ నుంచి ఊడివస్తే సరిపోయింది. పూత గోధుమరంగుకు మారితే ఎక్కువైంది. సంచి మూలలు చతురస్రంగా వదలకుండా గుండ్రంగా తిప్పండి, చీలడం ఎప్పుడూ మూల దగ్గరే మొదలవుతుంది. కుట్టుమిషన్ సూది గాలి గది మీద పడకూడదు, కుట్లన్నీ అతుకు బయటే. గాలి గొట్టానికి సిలికాన్ ట్యూబు వాడితే మామూలు జిగురు పట్టదు, పాలీయురేథేన్ ట్యూబు వాడండి. లీకు దాదాపు ఎప్పుడూ ట్యూబు సంచిలోకి దూరే చోటే ఉంటుంది. బకెట్ నీళ్లలో ముంచి బుడగలు చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

పంపు దగ్గర లెక్క వేయకపోతే తర్వాత ఏడుస్తారు. 20 మి.మీ. వ్యాసం, 17 సెంటీమీటర్ల పొడవున్న సంచి నిండితే సుమారు 53 మిల్లీలీటర్లు, నాలుగు వేళ్లకు 213. 100 కిలోపాస్కల్ గేజ్ ఒత్తిడి (వాతావరణ పీడనం మీద అదనంగా అంత) రావాలంటే సంచుల పరిమాణానికి రెట్టింపు బయటి గాలి, దాదాపు 430 మిల్లీలీటర్లు కావాలి. నిమిషానికి 3 లీటర్లని రాసి ఉన్న 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు ఎదురు ఒత్తిడి మీద సగటున సగమే ఇస్తుందనుకుంటే ఒక్కసారి తెరవడానికి 17 సెకన్లు. 6 లీటర్ల పంపు అయితే 8 లేదా 9. నెమ్మది మంచిదే గానీ, 17 సెకన్లయితే సాధన సగంలోనే నాన్నగారికి విసుగొస్తుంది. 6 లీటర్లది తీసుకుని, వేగం ఎక్కువనిపిస్తే దారిలో సూది వాల్వుతో తగ్గించుకోండి.

వాల్వులు రెండు చాలు, నాలుగు వేళ్లకు ఒకటి, బొటనవేలికి ఒకటి. మూడు దారుల సోలినాయిడ్ (కరెంటుతో దారి మార్చే) వాల్వు తీసుకుని, కరెంటు ఇచ్చినప్పుడు పంపు సంచితో కలిసేలా, కరెంటు పోతే సంచి బయటి గాలికి తెరుచుకునేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే బ్యాటరీ అయిపోయినప్పుడు చెయ్యి గాలిలో ఇరుక్కుంటుంది. పంపు ఆగగానే గాలి దాని గుండానే వెనక్కి కారుతుంది కాబట్టి పంపు నుంచి గాలి బయటికొచ్చే చోట ఒక చెక్ వాల్వు (గాలిని ఒకవైపే పోనిచ్చేది). సంచుల వైపు 120 కిలోపాస్కల్ దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వు, ఇది సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా ఉండాలి. ఒత్తిడి కొలవడానికి ఎంపీఎక్స్5100 సెన్సరు 100 కిలోపాస్కల్ వరకే చూస్తుంది, సరిగ్గా హద్దు మీద పని చేస్తున్నాం కాబట్టి 500 వరకు చూసే ఎంపీఎక్స్5500 మేలు. ఇవి 4.7 వోల్టుల దాకా ఇస్తాయి. ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు పిన్ను 3.3 వోల్టులు దాటితే తట్టుకోదు, 10 కిలో ఓమ్, 20 కిలో ఓమ్ రెసిస్టర్లతో విభజించి ఇవ్వాలి. వాల్వు, పంపు రెండింటికీ స్విచ్చుగా పనిచేసే మాస్‌ఫెట్‌తోపాటు తిరుగు (ఫ్లైబ్యాక్) డయోడ్ మర్చిపోతే బోర్డు కారణం లేకుండా రీసెట్ అవుతున్నట్టు కనిపిస్తుంది. కరెంటు బ్యాటరీ నుంచే. చేతికి ఈఎంజీ (కండరాల విద్యుత్ సంకేతాలు చదివే) ఎలక్ట్రోడ్లు అంటించే ఉద్దేశం ఉంటే గోడ ప్లగ్గుకు కలిపిన ల్యాప్‌టాప్‌ను కూడా ఆ సమయంలో తీసేయాలి. కొత్త సంచులన్నిటినీ చేతికి కట్టకముందు, గుడ్డ కప్పి, పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు పది నిమిషాలు ఉంచి చూడండి. ఈ పరీక్షలో సేఫ్టీ వాల్వు తీసేసి, అయ్యాక మళ్లీ బిగించాలి.

ఐదు వేళ్ల గ్లౌజు కుట్టవద్దు. బిగిసిన చేతికి దాన్ని తొడగడానికి అరగంట పడుతుంది, వారం తర్వాత అది అల్మారాలోకి పోతుంది. అరచేయి పూర్తిగా తెరిచి ఉంచి, చేతి వీపున ఒక పలక, దానికి సంచులు, ఒక్కో వేలికి రెండు వెల్క్రో పట్టీలు, ఇంతే. పలకను మణికట్టు దాటించి ముంజేతి వరకు పొడిగిస్తే మణికట్టు తిన్నగా నిలుస్తుంది. మొదటి కణుపులు వెనక్కి విరుచుకోకుండా వాటి వెనుక సంచికి, వేలికి మధ్య పలుచటి గట్టి ఫోమ్ మెట్టు పెట్టాలి. పట్టీ అంచులు కణుపు మడతల మీద పడకూడదు.

తొడిగే వరుస: చేతిని గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి తుడవండి. మణికట్టు కిందికి వంచండి. బొటనవేలిని కొస పట్టి లాగకుండా, మూలం దగ్గర ఉబ్బెత్తు భాగాన్ని పట్టుకుని బయటికి తెండి. కొస లాగితే దాని మధ్య కణుపు మీదే భారమంతా పడుతుంది. ఇక్కడ చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య చిన్న దిండు లాంటి సంచి పెడితే చాలు, 30 నుంచి 40 కిలోపాస్కల్ సరిపోతుంది. తర్వాత చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటీ పట్టీలు వేసి, చివరగా మణికట్టును తిన్నగా చేసి ముంజేతి పట్టీ బిగించండి. ఐదు నిమిషాలు మించితే పట్టీల డిజైన్ మార్చాలి.

నాన్నగారికి ఆ చేతిలో స్పర్శ తగ్గి ఉంటే ఒరుసుకున్నా ఆయనకు తెలియదు. మొదటి వారం ప్రతి 20 నిమిషాలకు విప్పి చూడండి. ఎర్రటి గీత 20 నిమిషాల్లో పోకపోతే ఆ పట్టీ తప్పు. మన ఎండాకాలంలో పూత గుడ్డ కింద చెమట నిలిచి చర్మం నానుతుంది. పలుచటి నూలు తొడుగు లోపల వేసి రోజూ ఉతకండి. భుజం జారి ఉన్నవాళ్లు చెయ్యి వేలాడేసి గ్లవ్ వాడకూడదు, ముంజెయ్యి బల్ల మీదే ఉండాలి.

వాడకంలో ఒక్క నియమం గట్టిగా పాటించండి: ముందు ఆయన ప్రయత్నం, తర్వాతే గాలి. "తెరవండి" అన్నాక మూడు సెకన్లు ఆయన తెరవడానికి ప్రయత్నించాలి, ఆ తర్వాత బటన్ నొక్కాలి. బటన్ ఆయన ఎడమచేతిలోనే పెట్టండి. గ్లవ్ దానంతటది తెరిచి మూస్తుంటే టీవీ చూస్తూ కూర్చోవచ్చు, హాయిగానే ఉంటుంది, కానీ మెదడు ఆ పనిని యంత్రానికి వదిలేస్తుంది. ఆన్‌లైన్ గ్లవ్‌లలో టైమర్ మోడ్‌తోనే అందరూ గడిపేసేది ఇందుకే. రెండో చేతికి అద్దం గ్లవ్ (మంచి చెయ్యి కదిలినట్టే బిగిసిన చేతిని కదిలించేది) ఇచ్చే మోడల్ ఉంటే అది కాస్త నయం. ఈఎంజీతో నడిపించాలనే ఉత్సాహం తమ్ముడికి రావచ్చు. ఈ దశలో నాన్నగారు చాపాలనుకున్నా ముడిచే కండరాలు కూడా కలిసి బిగుస్తాయి, సంకేతాలు కలగాపులగమవుతాయి. బటన్‌తో మొదలుపెట్టడమే తెలివి.

ఎన్నిసార్లు? 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో థెరపీ సెషన్లను కూర్చుని లెక్కపెడితే చేతితో పని లాంటి కదలికలు ఒక్కో సెషన్‌కు సగటున 32 మాత్రమే వచ్చాయి. జంతువులపై పరిశోధనల్లో మెదడు మారేలా చేయించినవి రోజుకు కొన్ని వందలు. ఇంటి గ్లవ్ విలువంతా ఈ తేడాను పూడ్చడంలోనే ఉంది. ప్రయత్నం 3 సెకన్లు, గాలి 9, పట్టి ఉంచడం 3, వదలడం 5, మొత్తం 20 సెకన్లు. అరగంటకు 90. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తే 180. మొదటి వారం దీనిలో సగమే చేయండి. ఉత్తగా తెరిచి మూయడం కన్నా ఖాళీ స్టీలు గ్లాసు, స్పాంజి, బట్టల క్లిప్పులు, నిమ్మకాయ లాంటివి పట్టుకుని, వదిలి, పక్కకు పెట్టేలా చేయాలి. వారం వారం ఒత్తిడి 10 కిలోపాస్కల్ తగ్గించి చూడండి. తగ్గించినా తెరుచుకుంటే ఆ మిగతా బలం ఆయనదే.

ఆశ ఎంత పెట్టుకోవాలి? బ్రిటన్‌లో రాటుల్స్ అనే పెద్ద ట్రయల్ 770 మందితో జరిగి 2019లో ఫలితాలిచ్చింది. అందులో రోబో మామూలు వైద్యం కన్నా చేతిపనిని మెరుగుపరచలేదు. అది గట్టి చేతుల రోబో, మనం మాట్లాడేది మెత్తటి గ్లవ్, నిజమే. అయినా గ్లవ్ వేసుకుంటేనే చెయ్యి వచ్చేస్తుందని చెప్పే ప్రకటనను నమ్మకపోవడానికి ఆ ఒక్క ఫలితం చాలు. గ్లవ్‌ను కాకుండా పనిని కొలవండి. 2.5 సెంటీమీటర్ల చెక్క ఘనాలు ఒక పెట్టె నుంచి అడ్డుగోడ దాటించి పక్క పెట్టెలోకి నిమిషంలో ఎన్ని వేస్తారో, గ్లవ్ లేకుండా, నెలకోసారి లెక్కపెట్టండి. సున్నా అయితే "పట్టుకున్న గ్లాసు వదలడానికి ఎన్ని సెకన్లు" అన్నదే కొలత.

కొనాలా, చేయించాలా అన్నదానికి: త్రాసులో 100 గ్రాముల లోపు వస్తే ఆన్‌లైన్ గ్లవ్ సరిపోతుంది, అయితే తిరిగి ఇచ్చే అవకాశం ఉన్నచోట కొని, పీల్చే మోడ్‌లో నాలుగు వేళ్లూ పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో మొదటిరోజే చూడండి. 100 నుంచి 250 మధ్య అయితే తమ్ముడి చేత పై విధంగా సంచుల పలక చేయించండి, మొదటిసారి తొడిగేటప్పుడు థెరపిస్టు పక్కన ఉండాలి. 250 నుంచి 600 మధ్య అయితే రీహాబ్ విభాగం ఉన్న ఆసుపత్రిలో పరికరాల మీద సాధన అడగండి. వెల్లూరు సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి చేసిన ప్లూటో అనే బల్ల మీది హస్త రోబో మెత్తటిది కాకపోయినా చెయ్యి తెరవడం, మూయడం, మణికట్టు కదలిక మూడూ చేయిస్తుంది. త్రాసు అంకె, మణికట్టు వంచినప్పుడు వేళ్లు ఎంతవరకు తెరుచుకున్నాయి, ఆ చేతిలో స్పర్శ ఎలా ఉంది, ఈ మూడూ రాసి పంపితే సంచి కొలతలు సరిచూసి చెప్తాను.